జైలు నుంచి విడుదలై వస్తున్న సహోదరునికి సంఘంగా మేమేం చేయాలి?

ప్రశ్న: పల్నాడు జిల్లా నుంచి ఒక సంఘ పెద్ద

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది నరసరావుపేటకు దగ్గరలోని ఒక పల్లె, ఎనభై కుటుంబాల సంఘం. పదిహేనేళ్ల కిందట పొలం గట్టు దగ్గర మొదలైన తగాదాలో మా ఊళ్లో ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ కేసులో యావజ్జీవ శిక్ష పడి రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో ఉన్న మా ఊరి వ్యక్తి, ముందస్తు విడుదల జాబితాలో తన పేరు ఉందనీ వచ్చే నెలలో ఇంటికి రావచ్చనీ కబురు చేశారు. జైలుకు వచ్చే పరిచారకుల దగ్గర ఆయన వాక్యం విని, మూడేళ్ల కిందట పెరోల్ మీద వచ్చినప్పుడు మా సంఘంలోనే బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన భార్య ఇన్నేళ్లూ మిరప కోతలకు వెళ్లి ఇల్లు నడిపారు. ఆయన వెళ్లేనాటికి రెండేళ్లు నిండని పాప ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది.

మా పాస్టరు గారూ యవ్వనస్థులూ మొదటి ఆదివారమే పెద్ద కూడిక పెట్టి, చుట్టుపక్కల సంఘాలను పిలిచి, ఆయన చేత సాక్ష్యం చెప్పించాలని ఉత్సాహపడుతున్నారు. ఫ్లెక్సీ కోసం భార్యను ఫోటో కూడా అడిగారు. నాకు మనసు ఒప్పడం లేదు, ఎందుకు ఒప్పడం లేదో వాళ్లకు చెప్పడానికి మాటలూ దొరకడం లేదు. చనిపోయినతని అన్నగారి ఇల్లు మా మందిరానికి రెండు వీధుల అవతలే ఉంది. ఆ ఇంటి ఇల్లాలు అప్పుడప్పుడు మా స్త్రీల కూటానికి వస్తుంటారు. సంఘంలో కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలున్నవారు, ఆయన పక్కన కూర్చోవాలంటే భయంగా ఉందని నాతో విడిగా అన్నారు, వారిని నేను తప్పుపట్టలేను. ఇటువంటి పరిస్థితిని దగ్గరగా చూసినవారెవరైనా ఉంటే, మొదటి రోజుల్లో మేము ఏమి చేయాలో, ఏమి చేయకూడదో దయచేసి చెప్పండి.

జవాబు: తూర్పు గోదావరి నుంచి ఒక మఠకన్య

సహోదరా, నేను కథోలిక మఠకన్యను, ఇరవై రెండేళ్లుగా జైలు పరిచర్యలో ఉన్నాను. మా వాళ్లలో ఈ పని 1981లో కేరళలోని కొట్టాయంలో గురువిద్యార్థుల, అంటే ఫాదర్లు కావడానికి చదువుతున్నవారి, చిన్న ప్రార్థన బృందంతో మొదలై, ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా పేరుతో దేశమంతా వ్యాపించింది. 1941లో నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో మరొక ఖైదీకి బదులుగా తాను చనిపోయిన మాక్సిమిలియన్ కోల్బే మాకు పాలక పునీతుడు. అంతటివారి పేరు చెప్పుకుని మేము చేసే పనిలో ఎక్కువ భాగం ఏమిటో తెలిస్తే ఆయనకు నవ్వు వస్తుందేమో: సచివాలయం దగ్గర వరుసలో నిలబడటం.

మీ సహోదరుడు లోపలికి వెళ్లిన కాలానికి మన పల్లెల్లో ఆధార్ అనేది ఇంకా సరిగ్గా రాలేదు. తరువాత జైలులోనే నమోదు జరిగి ఉంటే, దానికి జోడించిన ఫోన్ నంబరు ఎవరిదో ఇప్పుడే ములాఖత్‌కు వెళ్లి అడగండి. ఆ నంబరు చలామణిలో లేకపోతే సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, బియ్యం కార్డులో పేరు ఒకదాని వెనుక ఒకటి ఆగిపోతాయి. ఓటర్ల జాబితాలో పేరు తీసేసి ఉండవచ్చు, ఫారం-6 మళ్లీ పెట్టాలి. శిక్ష అనుభవిస్తూ జైలులో ఉన్నంతకాలమే ఓటు ఉండదు, బయటికి వచ్చాక ఉంటుంది అనే సంగతి చాలామందికి తెలియదు, విడుదలైనవారికీ తెలియదు. ఈ పనులకు ఆయనను ఒంటరిగా పంపకండి. పద్నాలుగేళ్లపాటు ప్రతి పనికీ ఎవరో ఒకరి అనుమతి అడిగిన మనిషి, కౌంటరు దగ్గర గుమాస్తా ఒక్కసారి విసుక్కుంటే చాలు, తల వంచుకుని ఇంటికి వచ్చేస్తాడు. మళ్లీ ఆ వైపు వెళ్లడు.

విడుదల రోజున కాగితాలన్నీ పూర్తయ్యేసరికి సాయంత్రమవుతుందనుకునే వెళ్లండి, పొద్దున్నుంచీ గేటు దగ్గర మీవాళ్లు ఒకరైనా ఉండాలి. మీరు లేకపోతే పాత స్నేహితులు ఉంటారు. ఇంటికి వచ్చాక మొదటి కొన్ని రాత్రులు గదిలో దీపం వేసి ఉంచమని ఆయన భార్యకు చెప్పండి. రాత్రంతా బల్బు వెలిగే బ్యారక్‌లో ఏళ్ల తరబడి పడుకున్నవారికి చీకట్లో నిద్ర రాదు. సాయంత్రం ఐదున్నరకే ఆకలంటే కోప్పడవద్దనండి.

ఒక సంగతి చెబుతాను. మా దగ్గరికి వచ్చే ఒకాయన 2012లో లోపలికి వెళ్తూ తల్లి చేతికి పన్నెండు వేలు ఇచ్చి దాచమన్నాడు. తల్లి మధ్యలోనే చనిపోయింది. విడుదలయ్యాక ఆ డబ్బుతో మేకపిల్లలు కొనుక్కుంటానని దారి పొడవునా మాతో చెబుతూ వచ్చి, ఇంట్లో పాత ట్రంకు పెట్టె తెరిచి చూస్తే అడుగున చీర మడతలో అన్నీ పాత వెయ్యి నోట్లే ఉన్నాయి. 2016లో నోట్లు రద్దయిన సంగతి జైలులో టీవీలో ఆయన కూడా చూశాడు. కాని తన పెట్టెలోని డబ్బుకు అది వర్తిస్తుందని ఆయనకు తట్టలేదు. ఆ పూట మేము ఏ వాక్యమూ చదవలేదు, ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాము, అంతే.

ఇక పని. యజమానికి నిజం చెప్పే చేర్పించండి; దాచి చేర్పించిన ప్రతి చోటా ఏదో ఒక రోజు ఎవరో ఒకరు చెప్పేస్తారు, అప్పుడు పనితో పాటు మీ మాట కూడా పోతుంది. ఇంకొకటి, ఆయన భార్య గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. పద్నాలుగేళ్లుగా ఇంటి తాళం, డబ్బు, అమ్మాయి చదువు అన్నీ ఆమె చేతుల మీదుగా నడిచాయి. ఆయన వచ్చీ రాగానే ఇంటి యజమాని స్థానంలో కూర్చోబెట్టి, విధేయురాలవై ఉండమని ఆమెకు ఉపదేశం చేయకండి. జ్ఞానస్నానం వల్ల ఆయన మారి ఉండవచ్చు. ఇల్లు నడపడం మాత్రం ఆమె దగ్గర నేర్చుకోవాలి.

జవాబు: హైదరాబాద్ నుంచి, శిక్ష పూర్తి చేసుకున్న ఒకరు

నేను తొమ్మిదేళ్లు వరంగల్ కేంద్ర కారాగారంలో ఉన్నాను. ఆ జైలునే 2021లో ఆసుపత్రి కోసం కూల్చేశారు, కాబట్టి నేనున్న బ్యారక్ చూపించమని ఎవరైనా అడిగినా చూపించలేను. అందుకు సంతోషమే.

మీ మనసు ఎందుకు ఒప్పడం లేదో నేను చెప్పగలననుకుంటాను. నేను వచ్చిన మొదటి ఏడాదిలో నన్ను పదకొండు సంఘాలకు తీసుకువెళ్లి మైకు ముందు నిలబెట్టారు. ప్రేమతోనే పిలిచారు, భోజనం పెట్టారు, కవరులో కొంత డబ్బు పెట్టి ఇచ్చారు. నాలుగో చోటో ఐదో చోటో నేను మాట్లాడుతుండగా వేదిక మీది పెద్దమనిషి ఒక చీటీ అందించారు. అందులో "ఆ రాత్రి సంగతి ఇంకొంచెం వివరంగా" అని రాసి ఉంది. నేను వివరంగా చెప్పాను. జనం నిశ్శబ్దమయ్యారు, కొందరు ఏడ్చారు. ఆ తరువాత చోట చీటీ రాకముందే వివరంగా చెప్పడం నాకు అలవాటైపోయింది. ఒక్కొక్క కూడికకూ నా పాపం కొంచెం పెద్దదవుతూ వచ్చింది, నేను చంపిన మనిషి మాత్రం కొంచెం కొంచెంగా చిన్నవాడవుతూ పోయాడు. చివరికి అతనికి పేరు కూడా లేకుండా "ఒక వ్యక్తి" అని చెప్పేవాణ్ని. ఎవరో దాన్ని వీడియో తీసి, "హంతకుడు" అన్న మాట ఎర్ర అక్షరాల్లో పెట్టి యూట్యూబ్‌లో వేశారు. మా అబ్బాయి స్కూల్లో పిల్లలు ఆ వీడియోను వాడికే చూపించారు.

సిస్టరు గారు కాగితాల గురించి చెప్పినదంతా నిజం. అయితే నాకు కాగితాలన్నీ ఉన్నాయి, కవరు డబ్బులున్నాయి, దండలు పడ్డాయి, అయినా ఏడాది తిరిగేసరికి తాగుడులో పడ్డాను. నేను తాగుతున్నానని తెలిసిన రోజున ఆ పదకొండు సంఘాల్లో దేనికీ నేను పనికిరాకుండా పోయాను. సాక్ష్యం చెప్పినవాడు పడిపోతే చెప్పించినవారికి అవమానం కదా. ఒకే ఒక్కరు వచ్చారు. రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన, ఏ వేదిక మీదా నేను ఎప్పుడూ చూడని మనిషి. ప్రతి శనివారం సాయంత్రం మా ఇంటికి వచ్చి, రా నాయనా అని టీ కొట్టుకు తీసుకువెళ్లి, రెండు టీలు చెప్పి, వారమంతా ఎలా గడిచిందని అడిగేవారు. తాగి ఉన్న శనివారం కూడా వచ్చారు. వెళ్లేముందు చిన్న ప్రార్థన చేసేవారు, నేను కళ్లు మూసుకున్నానా లేదా అని ఆయన చూసేవారు కాదు. అలా రెండేళ్లు. జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో మా వంటివారికి పని ఇస్తారని చెప్పి, దరఖాస్తుకు వెంట వచ్చింది కూడా ఆయనే. ఇప్పుడు అక్కడే చేస్తున్నాను.

విశ్వాసం వల్ల ఏమీ జరగదని నేను అనడం లేదు. లోపల ఉన్నప్పుడు తెల్లవారుజామున చేసుకున్న ప్రార్థన లేకపోతే నేను బతికి బయటికి వచ్చేవాణ్ని కాను. ఆ ప్రార్థన బయట మైకులోకి ఎక్కాక నాది కాకుండా పోయింది. మీ సహోదరునికి చెప్పాలనిపిస్తే చెప్పనివ్వండి, ఐదేళ్లు ఆగి చెప్పనివ్వండి, మీ ఎనభై కుటుంబాల మధ్యే చెప్పనివ్వండి. ఫ్లెక్సీ మాత్రం వేయకండి.

జవాబు: గుంటూరు నుంచి ఒక న్యాయవాది

పై రెండు జవాబులకు నేను చేర్చగలిగేది కొంచెమే, అయినా అది లేకపోతే ప్రమాదం ఉంది. హత్య నేరంలో యావజ్జీవం పడినవారి విషయంలో పద్నాలుగేళ్ల వాస్తవ శిక్ష నియమం ఒకప్పుడు పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 433-ఏలో ఉండేది, 2024 జూలై నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 475లో ఉంది. ముందస్తు విడుదల అంటే శిక్ష రద్దయిందని కాదు, మిగిలిన శిక్షను షరతులతో మాఫీ చేశారని అర్థం. బాండు రాయడం, నిర్ణీత కాలానికి ఒకసారి పోలీస్ స్టేషన్‌లో హాజరు కావడం వంటి షరతులు ఉత్తర్వులో ఉంటాయి. అవి తప్పితే మిగిలిన శిక్ష అనుభవించడానికి మళ్లీ లోపలికి పంపవచ్చు. ఆ కాగితం నకలు సంఘ పెద్దలలో ఒకరి దగ్గర ఉండాలి, హాజరు తేదీలు ఆయన ఇంటి క్యాలెండరులో గుర్తు పెట్టి ఉండాలి. పక్క జిల్లాలో సువార్త కూడికలున్నాయని తీసుకువెళ్లి హాజరు తప్పించిన పుణ్యాత్ములను నేను చూశాను.

రెండోది కొంచెం ఇబ్బందికరమైన విషయం, కాని మన సంఘాలలో దీని గురించి ఎవరూ నోరు విప్పరు. ఆ కుటుంబం షెడ్యూల్డు కులానికి చెందినదైతే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఆ హోదా ఉంటుంది. క్రైస్తవులైనవారు మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతులలోని బీసీ-సీ కిందికి వస్తారు. అమ్మాయి ఇంటర్ పూర్తి చేసి కళాశాలలో చేరబోయే సంవత్సరంలోనే తండ్రి బాప్తిస్మం ఫోటో ఫ్లెక్సీలెక్కి ఫేస్‌బుక్‌లో తిరిగితే, రేపు కుల ధ్రువీకరణ పత్రం మీద ఎవరైనా అభ్యంతరం పెట్టినప్పుడు సమాధానం చెప్పుకోవలసింది ఆ పిల్ల. దాచమని నేను సలహా ఇవ్వడం లేదు. జరగబోయేది తెలిసి నిర్ణయించుకునే అవకాశం వాళ్లకు ఇవ్వండి. అదేవిధంగా, మీరు చేసే సాయం ఆయన మందిరానికి వచ్చినా రాకపోయినా ఆగదని మొదటి రోజే ఆయనకు చెప్పండి. మతం కోసమే సాయమన్న అపవాదు రాకుండా ఉండటం ఒక కారణం. అన్నం కోసం ప్రార్థన చేయవలసిన పరిస్థితి ఆయనకు రాకూడదన్నది అంతకంటే ముఖ్యమైన కారణం.

జవాబు: టెక్సస్ నుంచి ఒక తెలుగు విశ్వాసి

నేను హ్యూస్టన్ ప్రాంతంలో ఉంటాను. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ దగ్గర పనిచేసి, ఆయన పదవికే ముప్పు తెచ్చిన వాటర్‌గేట్ కుంభకోణంలో 1974లో జైలుకు వెళ్లిన చార్లెస్ కోల్సన్ విడుదలయ్యాక 1976లో ప్రిజన్ ఫెలోషిప్ అనే సంస్థను స్థాపించిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ సంస్థ 1997లో మా దగ్గరి ఒక జైలులో ఇన్నర్‌చేంజ్ అనే పేరుతో బైబిలు ఆధారిత కార్యక్రమం మొదలుపెట్టింది: జైలులో పదహారు నెలలు, బయట ఇంకో ఆరు నెలలు. 2003లో దాని ఫలితాలు వచ్చినప్పుడు మా సంఘాలన్నింటిలో ఒకటే సంబరం. కార్యక్రమం పూర్తి చేసినవారిలో రెండేళ్ల లోపు మళ్లీ జైలుకు వెళ్లినవారు 8 శాతమే, పోల్చి చూసిన ఇతర ఖైదీలలో 20 శాతం అని.

ఆ నివేదికను చివరిదాకా చదివినవారికి ఇంకో అంకె కనిపించింది. కార్యక్రమంలో చేరిన 177 మందిలో పూర్తి చేసినట్లు లెక్కవేసింది 75 మందినే. మధ్యలో తప్పిపోయినవారిని కూడా కలిపితే మళ్లీ జైలుకు వెళ్లినవారు 24 శాతం, అంటే మిగతా ఖైదీల కంటే మెరుగేమీ లేదు. పైగా పూర్తి చేసినట్లు లెక్కలోకి రావాలంటే బయటికి వచ్చాక కొన్ని నెలలు ఉద్యోగంలో నిలవాలి, సంఘానికి వెళ్లాలి. నిలదొక్కుకున్నవారిని మాత్రమే ఎంచి, చూడండి వీళ్లు నిలదొక్కుకున్నారు అని చెప్పుకున్నామన్నమాట. పైన హైదరాబాద్ సహోదరుడు రాసిన పదకొండు సంఘాలు గుర్తుకు వచ్చి ఈ సంగతి రాస్తున్నాను. పడిపోయినవారిని లెక్కలోంచి తీసేయడం మా పెద్ద సంస్థలకూ తెలిసిన విద్యే.

తరువాత మిన్నెసోటాలో ఇదే కార్యక్రమాన్ని 2012లో పరిశీలించినప్పుడు ఫలితం నిజంగానే మెరుగ్గా వచ్చింది. జైలులో కలుస్తూ వచ్చిన మనిషే బయట కూడా తోడుగా కొనసాగడం అందుకు ఒక కారణం కావచ్చునని పరిశోధకులు రాశారు. కెనడాలోని హామిల్టన్‌లో 1994లో మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక పాస్టరు, ఎవరూ దగ్గరికి రానివ్వని ఒక విడుదలైన వ్యక్తి చుట్టూ కొద్దిమంది విశ్వాసులను కూర్చి, రోజూ ఎవరో ఒకరు అతన్ని పలకరించేలా, అతను తప్పటడుగు వేస్తే మొహమాటం లేకుండా నిలదీసేలా ఏర్పాటు చేశారు. అది తరువాత చాలా దేశాలకు పాకింది. సంఘంలో భయపడుతున్నవారికి కూడా ఇది సమాధానమవుతుంది. ఆయన మీద ఒక కన్ను ఉంటుందని వారికి నిజాయితీగా చెప్పవచ్చు, ఆయనకూ చెప్పవచ్చు. మీ ఎనభై కుటుంబాలలో అటువంటివారు ఐదుగురు దొరికితే చాలు.

జవాబు: ప్రకాశం జిల్లా నుంచి ఒక సహోదరి

ఇంతమంది ఇన్ని మంచి మాటలు రాశారు. చనిపోయినతని ఇంటి గురించి ప్రశ్న అడిగిన పెద్దలు తప్ప ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా తమ్ముణ్ని చంపిన వ్యక్తి విడుదలై వచ్చిన సంగతి నాకు మా సంఘంలో ఆరాధన మధ్యలో, ఆయనను ముందుకు పిలిచినప్పుడు తెలిసింది. నేను మూడో వరుసలో ఉన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దలు నా దగ్గరికి వచ్చి, క్షమించమ్మా, క్షమించకపోతే నీ ప్రార్థన వినబడదు అన్నారు. తమ్ముడు పోయిన పన్నెండేళ్లలో మా అమ్మ ఎలా ఉందని ఆ ఇద్దరిలో ఒక్కరూ మా గడప తొక్కి అడగలేదు.

జక్కయ్య కథ మనమందరం ఆదివారపు బడిలో నేర్చుకున్నాము. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని అతను తనంతట తానే అన్నాడు. నష్టపోయినవారిని పిలిచి, ఇతన్ని క్షమించండి అని అక్కడ ఎవరూ ఒత్తిడి చేయలేదు. మీ సహోదరుడు రాకముందే, దయచేసి ఆ ఇంటికి వెళ్లండి. క్షమాపణ అడగడానికి వెళ్లకండి. ఫలానా తేదీన వస్తున్నారు, మీకు ముందుగా తెలియాలని వచ్చాము అని చెప్పండి. తిడితే వినండి. ఆ ఇంటి ఇల్లాలు మందిరానికి వచ్చే రోజు, ఈయన వచ్చే రోజు వేరుగా ఉండాలంటే ఆ మార్పు ఈయన చేసుకోవాలి గాని ఆవిడ కాదు. నేను ఇప్పుడు వేరే సంఘానికి వెళ్తున్నాను. పాత సంఘంలో పుట్టి పెరిగినదాన్ని.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ కాగితం మీద తీయించి పాస్టరు గారికి ఇచ్చాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజున ఫ్లెక్సీ వద్దని యవ్వనస్థులకు తానే చెప్పారు. కూడిక మాత్రం వాయిదా వేశామని అంటున్నారు, మానేశామని అనడం లేదు. ఆయనకు తోడుగా ఉండటానికి నలుగురు పేర్లు ఇచ్చారు, ఐదో పేరు నాది. వచ్చే వారం ములాఖత్‌కు వెళ్లి ఆధార్ సంగతి, బాండు సంగతి కనుక్కుంటాము. అమ్మాయి ధ్రువపత్రాల విషయం తల్లీకూతుళ్లతో మా ఇంట్లోనే కూర్చుని మాట్లాడాము. వాళ్ల నిర్ణయం వాళ్లకే వదిలేశాము, దాన్ని ఇక్కడ రాయను.

నిన్న సాయంత్రం నేనూ నా భార్యా ఆ ఇంటికి వెళ్లాము. అన్నగారు లోపలి నుంచి రాలేదు. ఆవిడ అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తూ ఉన్నారు, మేము చెప్పింది విన్నంతసేపూ చెయ్యి ఆపలేదు. చివరికి ఏ రోజున వస్తున్నాడని అడిగారు, చెప్పాము. తరువాత, మందిరానికి వెళ్లాలంటే మా వీధిలోంచి వెళ్లవద్దని చెప్పండి, చెరువు కట్ట మీదుగా దారి ఉంది కదా అన్నారు. అది ముప్పావు మైలు చుట్టు. ఆ దారే నడుస్తారని ఆయన తరఫున నేను మాట ఇచ్చి వచ్చాను. ములాఖత్‌లో మొదట చెప్పవలసిన మాట ఇదే.